చెయ్యి తీస్తే పోతుంది

మా జూటుమిల్లు గేటుకి తాళం పడ్డ మూడో ఏడు
బీరువా వెనక దొరికింది ఒక చెక్క బాబిను.
ఎప్పుడు తెచ్చానో గుర్తు లేదు. తెచ్చానంటే దొంగతనమే.
నూనె వాసన, జనపనార వాసన
ఇంకా వదల్లేదు దాన్ని.

తవుడు, మా షెడ్డు ఎలక్ట్రీషియను,
పాత హాజరు కార్డు వెనక గీసిచ్చాడు:
ఒక చుట్ట, రెండు కండెన్సర్లు, ఒక ఎర్తు.
"ఏటుంది బావా ఇందల,
తీగకీ రేడియోకీ తగువు తీర్చే పెద్దమనిసి. అంతే."

రాగితీగ రివైండింగు షాపులో, మోటారుకి చుట్టగా మిగిలింది.
కుర్రాడు తూచకుండానే ఇచ్చాడు.
గ్యాంగు కండెన్సర్లు మాత్రం విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర
చచ్చిన వాల్వు రేడియోల కడుపులు కోసి తీయించాను.
పళ్లబ్రషుతో, కిరసనాయిలుతో తోమాను.
రేకు పక్కన రేకు ఉండాలి, తాకకూడదు.
మా వీధి తోడికోడళ్లకి చెప్పాల్సిన మాట.

చుట్టడం నాకెవరూ నేర్పక్కర్లేదు.
ఇరవయ్యారేళ్లు, బి షిఫ్టు, స్పిన్నింగు.
నార తెగితే ముందు వేలికి తెలిసేది, తరవాతే కంటికి.
నలభై చుట్లు. ఐదేసికో మెలిక పైకి లాగి
బ్లేడుతో గీకితే
లోపల మావిడిచిగురు రంగు.
ముప్పై మూడో చుట్టు దగ్గర అసిరమ్మ ఏదో అడిగింది.
విప్పి మళ్లీ మొదలెట్టాను.

ఏరియలంటే అసిరమ్మ బట్టలారేసే దండెమే,
డాబా మీంచి పక్కింటి కొబ్బరిచెట్టుకి.
రెండు కొసలకీ విరిగిన టీకప్పుల చెవులు కట్టాను.
"తడిసీర ఏస్తే నీ రేడియో మూగబోతాదా?"
"పోతాది."
"అయితే ఆదోరం ఒక్కరోజు ఒగ్గేస్తాను" అంది.
ఎర్తుకి బోరు పక్కన ఇనపకడ్డీ, ఉప్పు, బొగ్గు, రోజూ చెంబెడు నీళ్లు.
"తులిసమ్మకెప్పుడైనా పోసినావా ఇన్ని నీల్లు?"

ఇంతవరకూ ఒక సంగతి చెప్పలేదు.
నాకు చెవులు సరిగా లేవు.
ఫ్రేముల హోరు సన్నటి చప్పుళ్లన్నీ తినేసింది:
పిచికలు, చెంచా కింద పడ్డం, ఫోను.
మరి నీకెందుకయ్యా రేడియో అని అడగొచ్చు మీరు.
తవుడు అడగలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి నెల్లిమర్లంతా కరెంటు పోయింది.
మంచిదే, ట్యూబులైట్ల గరగర కూడా పోయింది.
రేడియోలో కొత్త బ్యాటరీలు.
క్లిప్పు ఇరవయ్యో చుట్టు నుంచి పదిహేనుకి మార్చాను,
ఒక గుండీ తిప్పి, రెండోది తిప్పి.
గోల ఎక్కడెక్కువైతే అక్కడాగమన్నాడు తవుడు.
గోల ఉన్న దిక్కుకే నడవమనే పని
నేనింకొకటి ఎరగను.
తిప్పుతున్నాను, తిప్పుతున్నాను,
వచ్చింది
షెడ్డు.
స్పిన్నింగు షెడ్డు మొత్తం.
కదుళ్లన్నీ ఒక్కపెట్టున లేచినట్టు,
నారదుమ్ములో ఎవరో టార్చి వేసినట్టు,
సైరను ముందు నిమిషంలాగా.
స్టేషను మాట మరిచి
కాసేపక్కడే నిలబడిపోయాను.

అసిరమ్మ వచ్చి స్పీకరుకి చెవి ఆనించింది.
"లోపల ఎవులో ఉన్నారు."
"ఎవరు?"
"ఆడకూతురు. మన బాస కాదు. అంకెలేవో సదువుతంది.
గాలీవానా కబురు నాగుంది, పడవలోల్లకి సెప్పినట్టు."
నాకేమీ వినబడలేదు.
ఆవిడ మొహం చూస్తూ విన్నాను.

గుండీ మీంచి చెయ్యి తీశాను.
"పోనాది."
పెట్టాను.
"వచ్చినాది."
తీశాను, పెట్టాను, నవ్వొచ్చింది.
తవుడు గీసిన బొమ్మలో ఈ చెయ్యి లేదు.
గుండీకి జానెడు వెదురుపుల్ల బిగించాలి
దూరంనించి తిప్పుకోడానికి,
లేకపోతే బిస్కట్ల రేకుడబ్బాలో పెట్టి మూసెయ్యాలి.
రేపు.

అసిరమ్మ కంచం తెచ్చి పక్కన పెట్టింది. చేపలపులుసు.
ఎడంచెయ్యి గుండీ మీదే ఉంచి
కుడిచేత్తో కలుపుతున్నాను.
"ముల్లు సూసుకో" అంది,
స్పీకరు దగ్గర్నించి చెవి తియ్యకుండా.